ఫ్రాంక్ హార్న్‌బీ

ఫ్రాంక్ హార్న్‌బీ (1863 మే 15 - 1936 సెప్టెంబరు 21) ఇంగ్లాండులోని లివర్‌పూల్ నగరానికి చెందిన ఆవిష్కర్త, బొమ్మల తయారీదారు, పార్లమెంటు సభ్యుడు. మెక్కానో నిర్మాణ సామగ్రి, హార్న్‌బీ రైళ్ళు, డింకీ టాయ్స్ కార్లు అనే మూడు ప్రసిద్ధ బొమ్మల శ్రేణులు ఈయన స్థాపించిన సంస్థ నుండే వెలువడ్డాయి. ఈయన ఇంజనీరింగు చదవలేదు. సగం జీవితం లెక్కలు రాసే గుమాస్తాగానే గడిచింది. అయినా ఈయన కర్మాగారంలో తయారైన రేకు ఇంజన్లను శతాబ్దం గడిచాక కూడా వెదకి కొని, శుభ్రపరచి, పట్టాలపై నడిపించేవారు అనేక దేశాలలో ఉన్నారు.

బాల్యం, ఉద్యోగం

హార్న్‌బీ లివర్‌పూల్‌లోని కాపరస్ హిల్ అనే వీధిలో జన్మించాడు. తండ్రి జాన్ ఓస్వాల్డ్ హార్న్‌బీ ఆహార సరుకుల వర్తకుడు. తల్లి పేరు మార్తా. పదహారేళ్ళ వయసులో చదువు మాని, తండ్రి దుకాణంలోనే నగదు లెక్కలు చూసే పనిలో చేరాడు. ఆ రోజుల్లో ఇంగ్లాండులో విరివిగా చదివే శామ్యూల్ స్మైల్స్ గ్రంథం సెల్ఫ్ హెల్ప్ ఈయనపై గాఢమైన ప్రభావం చూపింది. స్వయంకృషితో పైకి వచ్చిన ఆవిష్కర్తల కథలు అందులో ఉన్నాయి. 1887 జనవరి 15న ఎమ్మా వాకర్ గాడ్‌ఫ్రాయ్ అనే ఉపాధ్యాయినిని వివాహమాడాడు. వీరికి రోలండ్, డగ్లస్ అనే ఇద్దరు కుమారులు, పాట్రీషియా అనే కుమార్తె కలిగారు.

1899లో తండ్రి మరణించడంతో ఆ వ్యాపారం మూతబడింది. ముప్పయ్యారేళ్ళ వయసులో, సంసార భారంతో, హార్న్‌బీ డేవిడ్ హ్యూ ఎలియట్ అనే మాంసం దిగుమతి వ్యాపారి వద్ద లెక్కల గుమాస్తాగా కుదురుకున్నాడు. ఈ ఎలియట్ పేరును మెక్కానో చరిత్రలో తరచుగా ఒక్క వాక్యంతో సరిపెడతారు. కాని ఆయన లేకుంటే తరువాతి కథ జరిగేదా అన్నది సందేహమే.

రంధ్రాల పట్టీలు

హార్న్‌బీ తన కుమారుల కోసం ఇంట్లోనే రేకు కత్తిరించి వంతెనలు, బళ్ళు, క్రేన్లు తయారుచేసేవాడు. ఒక్కొక్క బొమ్మకు వేరువేరు భాగాలు కోయవలసి రావడం, ఆ బొమ్మ పాతబడగానే భాగాలు వృథా కావడం ఈయనకు సమస్య అయింది. అన్ని బొమ్మలకూ పనికివచ్చే భాగాలు ఉండాలన్న ఆలోచన ఒక రైలు ప్రయాణంలో తట్టిందని తరువాతి కాలంలో తానే చెప్పుకున్నాడు.

ఆలోచన చిన్నదే. రేకు పట్టీలపై సరిగ్గా అర అంగుళం (12.7 మి.మీ.) దూరంలో వరుసగా రంధ్రాలు ఉంటాయి. ఏ పట్టీ రంధ్రమైనా మరొక పట్టీ రంధ్రంతో కలుస్తుంది. నట్టు, బోల్టు బిగిస్తే అతుకు, విప్పితే మళ్ళీ విడి భాగాలు. అవే రంధ్రాలలో ఇరుసును దూర్చి చక్రాన్ని తగిలించవచ్చు. నేడు క్రేన్ కట్టిన ముక్కలతోనే రేపు వంతెన కట్టవచ్చు. కర్మాగారాలలో యంత్రాల భాగాలు ఒకదానికి బదులు మరొకటి అమరేలా చేసే పద్ధతి అప్పటికే ఉంది. దానిని పిల్లవాని చేతికి అందించడమే హార్న్‌బీ చేసిన పని.

పేటెంటు ఖర్చు కోసం యజమాని ఎలియట్ వద్ద 5 పౌండ్లు అప్పు తీసుకుని, 1901 జనవరిలో దరఖాస్తు చేశాడు. ఎలియట్ అప్పు ఇవ్వడంతో ఆగక వ్యాపారంలో భాగస్వామి అయ్యాడు, తన కార్యాలయం పక్కన స్థలమూ ఇచ్చాడు. మెకానిక్స్ మేడ్ ఈజీ అనే పేరుతో మొదటి పెట్టెలు 1902లో 7 షిల్లింగుల 6 పెన్నీలకు అమ్మకానికి వచ్చాయి. లివర్‌పూల్‌లో ఇంజనీరింగు ఆచార్యుడైన హెన్రీ సెల్బీ హీల్-షా ఈ సామగ్రిని మెచ్చుకుంటూ లేఖ ఇవ్వడం మొదటి రోజుల్లో బాగా తోడ్పడింది. అయితే లాభాలు వెంటనే రాలేదు. భాగాలను బయటివారి చేత చేయించుకుని పెట్టెలలో సర్ది అమ్మడమే అప్పటి వ్యాపారం.

మెక్కానో

1907 నాటికి గిరాకీకి తగినట్లు సరఫరాదారులు భాగాలు అందించలేకపోయారు. హార్న్‌బీ ఉద్యోగం మాని, డ్యూక్ స్ట్రీట్‌లో ఒక పనిశాలను అద్దెకు తీసుకుని సొంత తయారీ ప్రారంభించాడు. అదే సంవత్సరం సెప్టెంబరులో మెక్కానో అనే పేరును నమోదు చేయించాడు. మరుసటి ఏడాది, 1908లో, మెక్కానో లిమిటెడ్ సంస్థ ఏర్పడింది. ఎలియట్ అందులో చేరడానికి ఇష్టపడక తప్పుకున్నాడు. తొలి పెట్టుబడి పెట్టినవాడు లాభాలు రాబోతున్న వేళ బయటికి వెళ్ళడం ఈ కథలో ఆలోచింపజేసే ఘట్టం.

1914లో లివర్‌పూల్‌లోని బిన్స్ రోడ్డులో పెద్ద కర్మాగారం సిద్ధమైంది. తరువాతి 65 సంవత్సరాలు సంస్థకు అదే కేంద్రం. ఫ్రాన్సు, జర్మనీలలో శాఖలు ఏర్పడ్డాయి. మొదటి ప్రపంచ యుద్ధం రావడంతో జర్మనీలోని హక్కులు మార్క్లిన్ కంపెనీకి చేరాయి. 1916లో మొదలైన మెక్కానో మేగజైన్ ప్రచార పత్రంగా పుట్టినా, క్రమేణా వంతెనలు, ఓడలు, రైల్వేల గురించి పిల్లలకు చెప్పే మంచి పత్రికగా ఎదిగింది.

మెక్కానో బొమ్మ స్థాయిని దాటిన సందర్భాలూ ఉన్నాయి. 1934లో మాంచెస్టరు విశ్వవిద్యాలయంలో డగ్లస్ హార్ట్రీ, ఆర్థర్ పోర్టర్ అవకలన సమీకరణాలను సాధించే యంత్రపు నమూనాను మెక్కానో భాగాలతోనే నిర్మించారు. ఖర్చు సుమారు 20 పౌండ్లు.

రైలు బొమ్మలు

మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు బ్రిటన్ పిల్లలు ఆడుకున్న రైళ్ళలో అధిక భాగం జర్మనీ నుండి, ముఖ్యంగా నురెంబర్గులోని బింగ్, గోపింగెన్‌లోని మార్క్లిన్ కంపెనీల నుండి వచ్చేవి. యుద్ధం తరువాత జర్మన్ సరుకుపై విముఖత ఏర్పడింది. ఈ ఖాళీని హార్న్‌బీ గమనించాడు.

1920లో వెలువడిన మొదటి హార్న్‌బీ రైలు కీ ఇస్తే నడిచే స్ప్రింగు బండి. దాని పట్టాల మధ్య దూరం 32 మి.మీ. దీనిని ఓ గేజి అంటారు. బ్రిటన్ అసలు రైలు పట్టాల మధ్య దూరం 1435 మి.మీ. కనుక, ఇది అసలులో సుమారు 45వ వంతు అన్నమాట. (భారతదేశపు బ్రాడ్ గేజి 1676 మి.మీ.) ఇంజను నాలుగు చక్రాలది, వెనుక బొగ్గు మోసే టెండరు ఉంటుంది. లండన్ అండ్ నార్త్ వెస్టర్న్, మిడ్లాండ్, గ్రేట్ నార్తర్న్ అనే మూడు రైల్వే కంపెనీల రంగులలో ఇది లభించేది.

ఈ ఇంజను ప్రత్యేకత దాని కూర్పులో ఉంది. జర్మన్ రేకు బొమ్మలలో రేకు అంచున ఉన్న చెవులను మరో రేకు సందులో దూర్చి మడిచేవారు. రెండు మూడుసార్లు విప్పితే చెవి విరిగిపోతుంది. హార్న్‌బీ మొదటి ఇంజన్లను మాత్రం మెక్కానో పద్ధతిలో నట్లు, బోల్టులతో బిగించారు. పిల్లవాడు ఇంజనును పూర్తిగా విప్పి మళ్ళీ కూర్చవచ్చు. చెడిపోయిన భాగం విడిగా కొనుక్కోవచ్చు. తయారీ ఖర్చు కారణంగా కొన్నేళ్ళలోనే ఈ పద్ధతి సన్నగిల్లి, చెవులు మడిచే పద్ధతే హార్న్‌బీ రైళ్ళలోకీ వచ్చింది. వ్యాపారపరంగా అది సమంజసమే కావచ్చు. కాని 1920 నాటి బోల్టుల ఇంజను చూసినవారికి ఆ మార్పు ఒక నష్టంగానే తోస్తుంది.

ఇంజన్లను వర్ణించేటప్పుడు వాడే అంకెలను ఇక్కడ వివరించడం అవసరం. 0-4-0 అంటే ముందు చిన్న చక్రాలు లేవు, నడిపే చక్రాలు నాలుగు, వెనుక చిన్న చక్రాలు లేవు. 4-4-0 అంటే ముందు నాలుగు చిన్న చక్రాలు, తరువాత నడిపే చక్రాలు నాలుగు. మొదటి ఇంజను 0-4-0 తరహాది. 1921లో వచ్చిన నంబర్ 2 ఇంజను 4-4-0 తరహాది, పొడవైనది. 1923లో బ్రిటన్ రైల్వేలలో చాలావరకు నాలుగు పెద్ద కంపెనీలుగా విలీనం కావడంతో బొమ్మల రంగులూ మారాయి. అందువల్ల పాత ఇంజను కాలాన్ని నిర్ణయించడానికి దాని రంగు, దానిపై ఉన్న కంపెనీ అక్షరాలు మొదటి ఆధారం.

1925లో వచ్చిన మెట్రోపాలిటన్ ఇంజనుతో హార్న్‌బీ విద్యుత్ రైళ్ళు మొదలయ్యాయి. ఇది ఆవిరి ఇంజను రూపం కాదు, లండన్ నగర విద్యుత్ ఇంజనుకు నమూనా. దీని తొలి రకానికి ఇంటి గోడలోని విద్యుత్తునే ఒక దీపం గుండా పట్టాలకు అందించేవారు. పిల్లలు తాకే పట్టాలపై అంతటి విద్యుత్తు ప్రవహించడం ఈనాటివారికి నమ్మశక్యం కాదు. ఆ పద్ధతిని త్వరలోనే విడిచిపెట్టి, తక్కువ వోల్టేజి మోటార్లకు, అనంతరం 20 వోల్టుల వ్యవస్థకు మారారు.

1928లో హార్న్‌బీ రైల్వే కంపెనీ పేరుతో పిల్లల సంఘం ఏర్పడింది. సభ్యులకు బిళ్ళ ఇచ్చేవారు. స్టేషన్లు, సిగ్నళ్ళు, వంతెనలు, సొరంగాలు, స్టేషను సిబ్బంది బొమ్మలు వరుసగా వచ్చాయి. రైలు పక్కన రోడ్డుపై ఉంచడానికి 1933లో మోడల్డ్ మినియేచర్స్ పేరుతో అచ్చుపోత కార్లు తయారుచేశారు. మరుసటి సంవత్సరం వాటికి డింకీ టాయ్స్ అని పేరు మార్చారు. రైలుకు అలంకారంగా పుట్టిన ఈ కార్లు తరువాత రైళ్ళకంటే ఎక్కువ ప్రసిద్ధి పొందాయి. 1960వ దశకం చివరిలో వీటి పాత అచ్చులు కొన్ని కలకత్తా చేరి, నిక్కీ టాయ్స్ పేరుతో భారతదేశంలోనూ కార్లుగా తయారయ్యాయి.

రాజకీయాలు, మరణం

1931 సాధారణ ఎన్నికలలో హార్న్‌బీ కన్సర్వేటివ్ పార్టీ తరఫున లివర్‌పూల్‌లోని ఎవర్టన్ నియోజకవర్గం నుండి పార్లమెంటుకు ఎన్నికయ్యాడు. సంస్థ పనులు తోటి డైరెక్టర్లకు అప్పగించాడు. రాజకీయ జీవితంలో చెప్పుకోదగిన విశేషాలు లేవు. 1935 ఎన్నికలలో పోటీ చేయలేదు. గుండె జబ్బుకు మధుమేహం తోడై 1936 సెప్టెంబరు 21న మరణించాడు. లివర్‌పూల్ సమీపంలో తాను నివసించిన మాఘల్ గ్రామంలోనే సమాధి ఉంది. పెద్ద కుమారుడు రోలండ్ సంస్థ అధ్యక్షుడయ్యాడు.

మరణానంతరం సంస్థ

హార్న్‌బీ పేరుతో వచ్చిన రెండు ప్రసిద్ధ ఇంజన్లను ఆయన చూడలేదు. మొదటిది 1937లో వచ్చిన ప్రిన్సెస్ ఎలిజబెత్. అసలు ఇంజను 1936 నవంబరులో లండన్ నుండి గ్లాస్గోకు ఎక్కడా ఆగకుండా ఆరు గంటలలోపే చేరి పేరు పొందింది. దాని నమూనా 4-6-2 తరహాది, 20 వోల్టులది, ఓ గేజిలో హార్న్‌బీ సంస్థ చేసిన అతి పెద్ద ఇంజను. రెండవది 1938లో మొదలైన హార్న్‌బీ డబ్లో శ్రేణి. దీని పట్టాల మధ్య దూరం 16.5 మి.మీ., అంటే ఓ గేజిలో దాదాపు సగం. పెద్ద గది లేని ఇళ్ళలో బల్ల మీదనే రైల్వే ఏర్పాటు చేసుకోవడానికి ఇది వీలు కల్పించింది. సర్ నైజెల్ గ్రెస్లీ అనే గాలికి ఎదురుపోయే నున్నని ఆకారపు ఇంజను, ఒక 0-6-2 ట్యాంకు ఇంజను తొలి రకాలు.

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో కర్మాగారం సైనిక అవసరాలకు పనిచేసింది. యుద్ధం తరువాత డబ్లో మళ్ళీ వచ్చి బాగా అమ్ముడైనా, 1950వ దశకంలో చౌకైన ప్లాస్టిక్ రైళ్ళు తెచ్చిన ట్రైయాంగ్ నుండి పోటీ తీవ్రమైంది. డబ్లో మధ్య పట్టా ఉండే మూడు పట్టాల పద్ధతిని 1959 వరకు విడవలేదు. ఆ ఆలస్యం ఖరీదైనదే. 1964లో ట్రైయాంగ్ యజమాని అయిన లైన్స్ బ్రదర్స్ సంస్థ మెక్కానో లిమిటెడ్‌ను కొనుగోలు చేసింది. 1971లో లైన్స్ బ్రదర్స్ కూడా కుప్పకూలింది. బిన్స్ రోడ్డు కర్మాగారం 1979 నవంబరులో మూతబడింది.

పాత ఇంజన్ల కొనుగోలు

హార్న్‌బీ ఇంజన్లను అద్దాల బీరువాలో ఉంచడానికి కొనేవారు కొందరు, పట్టాలపై నడపడానికి కొనేవారు కొందరు. రెండవ వర్గం వారు మరింత జాగ్రత్తగా చూడాలి. 1969లో బ్రిటన్‌లో ఏర్పడిన హార్న్‌బీ రైల్వే కలెక్టర్స్ అసోసియేషన్ వంటి సంఘాల వల్ల ఈ ఇంజన్ల గురించిన పరిజ్ఞానం చాలావరకు నమోదైంది.

ఇవి ఆవిరి ఇంజను ఆకారపు బొమ్మలే గాని ఆవిరితో నడిచేవి కావు. హార్న్‌బీ జీవితకాలంలో ఆయన రైళ్ళు స్ప్రింగుతోనో విద్యుత్తుతోనో నడిచేవి. నీరు మరిగించి నడిపే నమూనాలు బాసెట్-లోక్ వంటి ఇతర కంపెనీలవి.

తరువాత చూడవలసినది పట్టాల మలుపు. ఓ గేజిలో ఒక అడుగు, రెండు అడుగుల వ్యాసార్ధపు మలుపులు అమ్మేవారు. పొట్టి 0-4-0 ఇంజను ఒక అడుగు మలుపులో తిరుగుతుంది. నంబర్ 2 వంటి పొడవైన ఇంజనుకు రెండడుగుల మలుపు కావాలి, అంటే నాలుగడుగులకు మించిన వెడల్పు బల్ల ఉండాలి. ప్రిన్సెస్ ఎలిజబెత్ కోసం మూడడుగుల మలుపులు ప్రత్యేకంగా చేశారు. ఇంజను కొన్న తరువాత బల్ల సరిపోలేదని తెలుసుకోవడం చాలామందికి ఎదురైన అనుభవమే.

స్ప్రింగు ఇంజనుకు కొద్దిగా కీ ఇచ్చి, డ్రైవరు గదిలోని మీటలు లాగి చూడాలి. ఒకటి బండిని ఆపడానికి, రెండవది వెనక్కి నడపడానికి. కీ తిరుగుతున్నా బిగుతు రాకపోతే స్ప్రింగు తెగిందని గాని, కొక్కెం జారిందని గాని అర్థం. ఇది బాగుచేయదగిన లోపమే. రేకు భాగాలు తుప్పు పట్టినా శుభ్రపరచవచ్చు.

బాగుచేయలేని లోపం మరొకటి ఉంది. 1930వ దశకంలో చక్రాలను, కొన్ని ఇతర భాగాలను జింకు మిశ్రమలోహంతో పోత పోశారు. ఆ జింకులో సీసం వంటి మలినం అతి స్వల్పంగా కలిసినా, గాలిలోని తేమ వల్ల లోహపు రేణువుల మధ్య క్షయం మొదలవుతుంది. లోహం ఉబ్బుతుంది, సన్నని పగుళ్ళు పడతాయి, చివరకు వేలితో నలిపితే పొడి అవుతుంది. ప్రిన్సెస్ ఎలిజబెత్ చక్రాలు ఈ జబ్బుకు పేరుమోసినవి. యుద్ధానికి ముందటి డబ్లో ఇంజన్లలోనూ, డింకీ కార్లలోనూ ఇది కనిపిస్తుంది. కొనేముందు చక్రాల అంచులను, చట్రం మూలలను భూతద్దంతో పరీక్షించాలి. చక్రాలు మాత్రమే పాడైతే కొత్తగా పోత పోసినవి దొరుకుతాయి. చట్రమే వంగితే ఇంజను అలంకారానికి తప్ప పనికిరాదు.

ఇంటి విద్యుత్తుతో నడిచిన 1925 నాటి మెట్రోపాలిటన్‌ను, దాని పాత పరికరాలతో సహా, ఎట్టి పరిస్థితిలోనూ విద్యుత్తుకు కలపరాదు. ఇతర పాత ట్రాన్స్‌ఫార్మర్లలో కూడా తీగల రబ్బరు తొడుగు పెళుసెక్కి రాలిపోతుంది గనుక కొత్తదే వాడాలి. 20 వోల్టుల ఓ గేజి ఇంజను ఏకాంతర విద్యుత్తుకు (ఏ.సి.), డబ్లో ఇంజను 12 వోల్టుల ఏకముఖ విద్యుత్తుకు (డి.సి.) చేసినవి. డబ్లో మందకొడిగా నడిస్తే మోటారులోని అయస్కాంతం బలహీనపడి ఉండవచ్చు. దానిని తిరిగి అయస్కాంతీకరించే నిపుణులున్నారు. మూడు పట్టాల డబ్లో ఇంజనును రెండు పట్టాల దారిపై పెడితే, చక్రాల మధ్య విద్యుత్ నిరోధకం లేనందున షార్ట్ సర్క్యూట్ అవుతుంది. స్ప్రింగు డబ్లో ఇంజన్లు యుద్ధం తరువాత మళ్ళీ చేయలేదు, అందుకే అవి అరుదు.

మళ్ళీ రంగు వేసిన ఇంజను నడపడానికి బాగుంటుంది, ధర మాత్రం తగ్గాలి. అసలు రంగు పెచ్చులూడినా సేకరణకర్తలు దానికే విలువ ఇస్తారు. పాత పెట్టెల నకళ్ళు కూడా తయారవుతున్నాయి గనుక పెట్టె ఉంది గదా అని అధిక ధర చెల్లించరాదు. ఆనాటి రంగులలో సీసం ఉండేది కాబట్టి, నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకు వీటిని ఇవ్వరాదు.

పేరును బట్టి మోసపోయే అవకాశం ఒకటుంది. 1965లో ట్రైయాంగ్ హార్న్‌బీగా, 1972 నుండి హార్న్‌బీ రైల్వేస్‌గా వచ్చిన ఇంజన్లు ఇంగ్లాండు ఆగ్నేయ తీరంలోని మార్గేట్ పట్టణంలో, ట్రైయాంగ్ కర్మాగారంలో తయారైనవి. అవి మంచి బొమ్మలే. అయితే బిన్స్ రోడ్డులో తయారైన ఇంజను కావాలనుకునేవారు పెట్టెపై, ఇంజనుపై మెక్కానో లిమిటెడ్, లివర్‌పూల్ అన్న పేరు ఉందో లేదో చూసుకోవాలి.